సూక్ష్మజీవి చేసే వెండి నలుసులు

మిల్లీమీటరులో పది లక్షో వంతు ఒక నానోమీటరు. 1 నుంచి 100 నానోమీటర్ల లోపు లోహపు నలుసులే లోహ నానోరేణువులు. అంత చిన్నదైతే లోహం పోకడే మారుతుంది. నీళ్లలో కలిసిన బంగారం ఎర్రబడుతుంది. గర్భనిర్ధారణ పట్టీల మీద తేలే ఎర్రగీత చాలావాటిలో ఆ బంగారానిదే.

లోహ నానోరేణువులను రసాయనాలతో చేయడం పాత పద్ధతి. అందుకు వాడేవాటిలో కొన్ని విషాలు. సూక్ష్మజీవులకు ఆ అవసరం లేదు. నీటిలో కరిగిన వెండి వాటికి ప్రాణాంతకం. కాబట్టి ఎలక్ట్రాన్లు అందించి దాన్ని గట్టి లోహంగా మార్చేసి గండం గట్టెక్కుతాయి. వెండి గనిలో దొరికిన సూడోమోనాస్ స్టుట్జెరి తన ఒంట్లో వెండి స్ఫటికాలు పోగేసుకుంటుందని స్వీడన్ పరిశోధకులు 1999లో ప్రకటించారు. మజ్జిగలోని లాక్టోబాసిల్లస్ సైతం బంగారు, వెండి స్ఫటికాలు చేయగలదని మద్రాసు ఐఐటీ 2002లో చూపింది. అయితే ఒంట్లో దాచుకున్నదాన్ని బయటికి తీయడం తలనొప్పి. మొక్కలకు ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం శిలీంధ్రం కణం వెలుపలే వెండి నలుసులు చేస్తుందని పుణె జాతీయ రసాయన ప్రయోగశాల 2003లో తేల్చడంతో దారి సులువైంది.

హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త ఎస్. శివాజీ బృందం ఈ దారినే చలిప్రాంతాల బాక్టీరియా వైపు తిప్పింది. వారి ఫలితాలు 2011లో వెలువడ్డాయి. వాడినవాటిలో అంటార్కిటికాకు చెందిన సూడోమోనాస్ అంటార్కిటికా ఉంది. సీసీఎంబీ పేరే పెట్టుకున్న బాసిల్లస్ సెసెంబెన్సిస్ కూడా ఉంది. బాక్టీరియాను పెంచి, కణాలను వేరుచేసి, పైన తేరిన ద్రవంలో సిల్వర్ నైట్రేట్ కలపడమే పని. మామిడి తోటల్లో కాయ రంగు చూసి పక్వం పోల్చినట్టే, ఇక్కడా మొదటి గుర్తు రంగే: ద్రవం గోధుమ రంగుకు తిరిగితే వెండి నలుసులు పుట్టినట్టు. అవి దాదాపు గుండ్రంగా, 6 నుంచి 13 నానోమీటర్ల సైజులో వచ్చాయి. చీకట్లో 8 నెలలు చెడకుండా నిలిచాయి. వేడిమి, ఆమ్లత్వం, బాక్టీరియా జాతి మారితే ఫలితమూ మారింది.

బాక్టీరియా చేసిన ఈ వెండి బాక్టీరియానే చంపుతుంది. నలుసుల నుంచి మెల్లగా ఊరే వెండి అయాన్లు కణపు పొరను దెబ్బతీసి, లోపలి ఎంజైములకు అంటుకుని పని ఆపేస్తాయి. కాలిన గాయాల పట్టీలకు, కాథెటర్ల పూతలకు ఈ గుణం పనికొస్తుంది. అయినా ప్రయోగశాల నుంచి ఆస్పత్రికి దూరం చాలానే ఉంది. ప్రతి విడతలో ఒకే సైజు రావాలి. సూడోమోనాస్ వంటి బాక్టీరియా వదిలే విషపదార్థాలను పూర్తిగా తొలగించాలి. కాలేయంలో వెండి పేరుకోదని తేలాలి.

పట్టీ మీది వెండి వేరు, కడుపులోకి పోయే వెండి వేరు. సర్వరోగనివారిణి పేరుతో అమ్మే వెండి నీళ్లు ఎక్కువకాలం తాగినవారి చర్మం నీలిబూడిద రంగుకు తిరగవచ్చు. ఆర్జిరియా అనే ఈ మార్పు సాధారణంగా మళ్లీ పోదు.