మెత్తగా ఉడికితే చాలదు!

బీఫ్ బ్రిస్కెట్ అంటే పశువు ఛాతీ మాంసం. బరువు మోసే కండరం కనుక గట్టిగా ఉంటుంది. అందులోని కొలాజెన్ గంటల తరబడి సన్నని వేడి తగిలితేనే జిలాటిన్‌గా కరుగుతుంది. అందుకే స్లో కుక్కర్‌లో 'లో' మీద 8 నుంచి 10 గంటలు ఉంచుతారు. పళ్లు సరిగా లేని పెద్దవాళ్లూ హాయిగా తినగలరు.

అయితే ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డను అలాగే కుక్కర్‌లో వేసి ఆఫీసుకు వెళ్లిపోకండి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. గడ్డ మాంసం ఆ దశ దాటేసరికి చాలాసేపు పడుతుంది. ముందురోజే ఫ్రిజ్‌ కింది అరలో పెట్టి కరగనివ్వండి.

విరేచనాలతో మా దగ్గరికి వచ్చేవారు తరచూ చెప్పే మాట: 'రాత్రి మిగిలిన కూరే తిన్నాం డాక్టర్!' కొన్ని బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గిన్నెలోనే మెల్లగా చల్లారే మాంసంలో మళ్లీ మొలకెత్తుతాయి. మిగిలింది రెండు గంటల్లోపే చిన్న డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు వేడిచేయడానికి మాత్రం స్లో కుక్కర్ వద్దు, స్టవ్ మీద బాగా మరిగించండి.