సొంత వృత్తికి సంఘ పరిచయము

మన పిల్లలలో కొందరు చదువు ముగియగనే కుట్టుపనియో, లెక్కలు వ్రాయు పనియో సొంతముగా ప్రారంభింతురు. పనితనమెంత యున్నను పదుగురి పరిచయము లేనిదే అట్టి వృత్తి సాగదు.

చిన్న ఊర పెరిగి చికాగో చేరిన న్యాయవాది పాల్ హారిస్, 1905లో ఒక బొగ్గు వర్తకుని, గనుల ఇంజనీరును, దర్జీని కలుపుకొని రోటరీ క్లబ్బును స్థాపించెను. అప్పట్లో వృత్తికొక్కరినే చేర్చుకొనుటచే అందు పోటీ లేకుండెను. తొలినాళ్లలో సభ్యులు ఒకరి వ్యాపారమునకు మరొకరు తోడ్పడిరి.

సంఘమును ఎన్నుకొనుటలో గమనింపవలసినది ఇదియే. మన పని కావలసినవారు అందుండవలెను. మన వృత్తివారే నిండియుండరాదు. చందా శక్తికి మించరాదు. చేరుటకు ముందు ఒకటి రెండు సమావేశములను చూచి రావలెను.

మన భాషా సంఘము తొలి పరిచయముల నిచ్చును; జీవనమునకు ఊరంతయు కావలెను. కావున తల్లిదండ్రులారా, పిల్లలకు తెలుగుతోపాటు ఊరి భాషయు చక్కగా నేర్పించి, ఊరివారి సంఘములకును పంపుడు.