కాసు మీది మహారాణి



మాది శ్రీముఖలింగం. చిన్నప్పుడు మా మామ్మ మధుకేశ్వరస్వామి గుడికి వెళ్ళేటప్పుడు కాసులపేరు వేసుకునేది. అందులో ఒక కాసు మిగతావాటిలా ఉండేది కాదు. అరిగిపోయి, ఏదో ముఖం లీలగా కనిపించేది. "ఎవరు మామ్మా?" అంటే, "ఎవరో తల్లిలే" అనేది. నా పెళ్ళికి దాన్నంతా కరిగించి గొలుసు చేయించారు. ఆ తల్లి ఎవరో ఇక తెలియదు.

ఇలాంటిదే నెల్లూరు దగ్గర 1786 ప్రాంతంలో జరిగింది. పొలం దున్నుతున్న రైతు నాగలికి పాడుబడిన చిన్న గుడి తగిలింది. దాని కింద కుండ, కుండలో రోము దేశపు బంగారు నాణేలు! పాపం, ఆయన వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా మటుకు కరిగిపోయాయి. నవాబు కుమారుడు ముప్పైకి పైగా రాబట్టగలిగాడు. అప్పటి మద్రాసు గవర్నరు డేవిడ్సన్ వాటిలోంచి రెండు ఎంచుకున్నారు. ఒకటి హాడ్రియన్ చక్రవర్తిది, రెండోది ఫౌస్టీనా మహారాణిది. కొన్నిటికి చిల్లులున్నాయనీ, ఎవరో మెడలోనూ చేతికీ ధరించి ఉంటారనీ ఆయన 1787లో రాశారు. చూశారా, మన ఆడవాళ్ళు రోము రాణిని కూడా కాసులపేరులో గుచ్చేశారు!

ఫౌస్టీనాలు ఇద్దరు, తల్లీకూతుళ్ళు. తల్లి ఆంటోనైనస్ పయస్ చక్రవర్తి భార్య. ఆవిడ 140లో పోతే, భర్త ఆవిడను దేవతగా ప్రకటించి, గుడి కట్టించి, పేద ఆడపిల్లల పోషణకు ఆవిడ పేరిట నిధి పెట్టి, ఆవిడ బొమ్మతో నాణేలు వేయించాడు. కూతురు మార్కస్ ఆరీలియస్ భార్య. ఇద్దర్నీ గుర్తుపట్టడానికి కొప్పు చూస్తే చాలు. తల్లికి జడలు నడినెత్తిన చుట్టి ఉంటాయి, కూతురికి ముడి సాధారణంగా మెడ మీద ఉంటుంది.

ఆ బంగారం ఇక్కడికెలా వచ్చిందంటారా? మన మిరియాలకీ, సన్నబట్టలకీ, ముత్యాలకీ ధరగా వచ్చింది. ఆడవాళ్ళ సోకులకే డబ్బంతా తూర్పుదేశాలకు పోతోందని అంతకు ముందే ప్లినీ అనే రోము పండితుడు గొణుక్కున్నాడు కూడా!

మా గంగరాజుల కాసుల మీద నంది ఉంటుంది గాని రాణి ఉండదు. గుడిలో దీపాలకు దానమిచ్చిన స్త్రీల పేర్లు మాత్రం శాసనాల్లో ఉన్నాయి. రాయి కరగదు కనక అవి నిలిచాయి.

అందుచేత పాత కాసు కంసాలి చేతికిచ్చే ముందు ఒక్కసారి మ్యూజియం వాళ్ళకు చూపించండి. భూమిలో దొరికిందైతే, పది రూపాయలకు మించినదాన్ని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే ఉంది. గొలుసు ఎప్పుడైనా చేయించుకోవచ్చు. కరిగిన ముఖం మళ్ళీ రాదు.