లక్షణాలకు ముందే మెదడులో అలజడి!

చేతులు వాటంతటవే ఎగురుతుంటాయి. నడక తూలుతుంది. చూసినవాళ్లు ‘తాగొచ్చాడు’ అనేస్తారు, లేదంటే ‘గాలి సోకింది’ అంటారు. హంటింగ్‌టన్ వ్యాధి పైకి కనిపించేది ఇలాగే. నాలుగో క్రోమోజోమ్‌లోని ఒక జన్యువులో సీఏజీ అనే మూడక్షరాలు 40 సార్లు, ఆపైన రిపీటైతే ఈ జబ్బు వస్తుంది. ఆ జన్యువును 1993లో కనిపెట్టారు. దీనికి మేనరికంతో పనిలేదు. అమ్మానాన్నల్లో ఒక్కరికున్నా చాలు, పిల్లల్లో ప్రతి ఒక్కరికీ 50 శాతం అవకాశం. ఎక్కువగా 30-50 ఏళ్ల మధ్య బయటపడుతుంది. అంటే, పెళ్లయి పిల్లలు పుట్టేశాక!

అప్పటిదాకా మెదడు ప్రశాంతంగానే ఉంటుందా? లేదు. మెదడుకి మైక్రోగ్లియా అనే కాపలా కణాలున్నాయి. తేడా పసిగడితే రెచ్చిపోతాయి. ఇదే ఇన్‌ఫ్లమేషన్. అప్పుడు వాటిలో టీఎస్‌పీఓ అనే ప్రొటీన్ పెరుగుతుంది. దానికి అతుక్కునే రేడియోధార్మిక ట్రేసర్‌ని నరంలోకి ఎక్కించి పెట్ స్కాన్ తీస్తే, అలజడి ఎక్కడుందో తెలుస్తుంది. లండన్ హామర్‌స్మిత్ ఆస్పత్రి పరిశోధకులు 2006, 2007లలో ప్రచురించిన అధ్యయనాల్లో ఇదే చేశారు. జన్యువు ఉండి, ఇంకా ఏ లక్షణమూ లేనివాళ్ల మెదడులోనూ అలజడి కనిపించింది.

మరి ఇదే స్కాన్ మన దగ్గర తీయాలంటే? వాళ్లు వాడింది కార్బన్-11. ప్రతి 20 నిమిషాలకూ సగమైపోతుంది. విశాఖలో తయారుచేసి కారులో పంపారనుకుందాం. గంటలో విజయనగరం చేరితే మిగిలేది ఎనిమిదో వంతు. రెండు గంటలకు శ్రీకాకుళం చేరేసరికి 64లో ఒక వంతే! అందుకే తయారీ యంత్రం స్కానర్ పక్కనే ఉండాలి. క్యాన్సర్ స్కాన్లలో వాడే ఫ్లోరిన్-18 అయితే సగమవడానికి 110 నిమిషాలు. దాంతోనూ కొత్త ట్రేసర్లు వచ్చాయి గానీ, అందులో ఓ బగ్ ఉంది. టీఎస్‌పీఓ జన్యువులో ఒక్క అక్షరం తేడా ఉన్నవాళ్లలో అవి సరిగా అతుక్కోవు. ముందు ఆ సంగతి రక్తపరీక్షలో తేల్చుకోవాలి.

ఇంతా చేసి, జబ్బు ఎప్పుడొస్తుందో ఈ స్కాన్ చెప్పదు. కొత్త మందు అలజడిని తగ్గిస్తోందా లేదా అని కొలవడానికి పరిశోధకులకు పనికొస్తుంది, అంతే. జబ్బును ఆపే మందు ఇంకా లేదు. జన్యువు ఉందో లేదో తేలడానికి రక్తపరీక్ష చాలు. హైదరాబాద్ సీడీఎఫ్‌డీలో జన్యు పరీక్షల విభాగం ఉంది. అయితే ముందు జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడండి. ‘నాకు తెలుసుకోవాలని లేదు’ అనే హక్కు కూడా మీదే. లక్షణాలు లేని పిల్లలకు 18 ఏళ్లు నిండేదాకా ఈ పరీక్ష చేయించరు.

న్యూరాలజిస్ట్ మొదట అడిగేది కుటుంబ చరిత్రే. వెళ్లేముందు ఇంట్లో పెద్దవాళ్లని కనుక్కోండి. ‘తాగి తాగి పోయాడు’ అని చెప్పుకునే తాత గురించి కూడా.