కొళాయి నీరు ట్యాంకు దగ్గర మంచిదే - మన బిందెలోకి వచ్చేసరికి?

వాంతులు, విరేచనాలతోనో, పచ్చకామెర్లతోనో, టైఫాయిడ్ జ్వరంతోనో ఆసుపత్రికి వచ్చినవారిని డాక్టరుగారు ముందుగా అడిగే ప్రశ్న, "మీరు ఏ నీళ్లు తాగుతున్నారు?" అని. "మావి కొళాయి నీళ్లేనండీ, నూతినీళ్లు కావు" అని చాలామంది ధైర్యంగా జవాబు చెబుతారు. కొళాయి నీరు అంటే శుద్ధి చేసిన నీరే కదా, ఇంక భయమెందుకు అనేది వారి ఉద్దేశం. ఈ నమ్మకం ఎంతవరకు సరైనది? ప్రతి కుటుంబమూ తెలుసుకోవలసిన విషయమిది.

నీరు ఎక్కడ చెడిపోతుంది?

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో నాగావళి, వంశధార, చంపావతి, గోస్తని నదులే ముఖ్యమైన నీటి వనరులు. నది ఇసుకలో తవ్విన ఊటబావుల నుండి గానీ, జలాశయాల నుండి గానీ నీటిని తోడి, అవసరమైన చోట వడపోసి, క్లోరిన్ కలిపి ఎత్తయిన ట్యాంకులలోకి ఎక్కిస్తారు. ఈ పని సక్రమంగా జరిగితే ట్యాంకు దగ్గర నీరు తాగడానికి యోగ్యంగానే ఉంటుంది.

చిక్కంతా ఆ తరువాతే. మన ఊళ్లలో కొళాయి రోజంతా రాదు. పూటకు కొంతసేపు, కొన్నిచోట్ల రోజు విడిచి రోజు వస్తుంది. నీరు వచ్చేటప్పుడు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి పగులు ఉంటే లోపలి నీరు బయటకు చిమ్ముతుంది. సరఫరా ఆపిన తరువాత గొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు అదే పగులులోనుండి బయటి నీరు లోపలికి పోతుంది. ఆ గొట్టం మురుగు కాలువలో మునిగి ఉంటే లోపలికి పోయేది మురుగే. మరుసటి రోజు కొళాయి విప్పగానే ముందు వచ్చేది ఆ నీరే. ఎక్కువ నీటికోసం కొళాయికి నేరుగా మోటారు బిగించినా ఇదే ప్రమాదం. మోటారు పీల్చే పీల్పుకు గొట్టం పక్కనున్న మురుగు కూడా లోపలికి వస్తుంది. ఒక్క ఇంటివారు చేసిన పనికి వీధి అంతా బాధపడవలసి వస్తుంది.

జరిగిన సంగతులు

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో కలుషితమైన కొళాయి నీరు తాగి పలువురు మరణించారు. 2018 మార్చిలో గుంటూరు నగరంలో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం వ్యాపించి మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. మన విజయనగరం జిల్లాలోనే, 2024 అక్టోబరులో గుర్ల గ్రామంలో అతిసారం ప్రబలి వందలాదిమంది జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. అప్పుడు అందరి దృష్టీ తాగునీటి మీద, కాలువల పక్కగా పోయే గొట్టాల మీద, చంపావతి ఒడ్డున ఉన్న అపరిశుభ్రత మీద పడింది. ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ ఆ నెలలోనే గుర్ల వచ్చి పరిస్థితిని స్వయంగా చూశారు.

అయితే దీనికి పరిష్కారం లేకపోలేదు. మన పొరుగున ఒడిశాలోని పూరీ పట్టణంలో 2021 జులై నుండి 24 గంటలూ కొళాయి నీరు ఇస్తూ, ఆ నీటిని నేరుగా పట్టుకుని తాగవచ్చునని ప్రభుత్వం ప్రకటించింది. గొట్టంలో ఎప్పుడూ ఒత్తిడి ఉంటే మురుగు లోపలికి దూరే అవకాశం బాగా తగ్గుతుంది. అక్కడ చేసిన దానిలోని కీలకం ఇదే.

తేటగా ఉంటే చాలునా?

చాలదు. రోగక్రిములు కంటికి కనబడవు. చిల్లగింజ అరగదీసి కలిపినా, పటిక తిప్పినా బురద అడుగుకు దిగి నీరు తేరుకుంటుందే గాని క్రిములన్నీ చావవు. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం 100 మిల్లీలీటర్ల తాగునీటిలో మలసంబంధమైన ఇ.కోలై క్రిమి ఒక్కటి కూడా ఉండకూడదు. కొళాయి దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దారిలో కొద్దిపాటి కలుషితం చేరినా దానిని ఎదుర్కొనేది ఈ మిగులు క్లోరినే. కాబట్టి నీటిలో కొంచెం మందు వాసన వస్తే విసుక్కోకండి. కొద్దిసేపు మూత తీసి ఉంచితే వాసన తగ్గుతుంది.

మరిగిస్తే అన్నీ పోతాయా?

నీటివలన కలిగే హాని రెండు రకాలు. ఒకటి క్రిముల వలన: కలరా, అతిసారం, టైఫాయిడ్, కామెర్లు. రెండవది నీటిలో కరిగిన లవణాల వలన: ఫ్లోరైడ్, నైట్రేట్ మొదలైనవి. మరిగిస్తే క్రిములు చస్తాయి. కరిగిన లవణాలు మాత్రం పోవు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ కొంచెం చిక్కబడతాయి కూడా. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట కూడా 1.5 దాటకూడదు. నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇవి పరీక్ష చేయిస్తేనే తెలుస్తాయి.

ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బుకు నీరే కారణమా అని చాలామంది అడుగుతారు. ఎన్నో పరిశోధనలు జరిగినా ఒకే ఒక్క కారణాన్ని ఇంతవరకు నిర్ధారించలేదు. అయినా అక్కడి ప్రజలకు మంచినీరు అవసరమని, వంశధార నీటిని హిరమండలం జలాశయం నుండి తెచ్చే పథకాన్ని సుమారు 700 కోట్ల రూపాయలతో చేపట్టి 2023 డిసెంబరులో ప్రారంభించారు. కిడ్నీ జబ్బు ఉన్నవారు రోజుకు ఎంత నీరు తాగాలో తమ డాక్టరును అడిగి తెలుసుకోవాలి. అందరికీ ఒకే లెక్క సరిపోదు.

క్యాన్ నీళ్ల సంగతి

ఇరవై లీటర్ల క్యాను నీళ్లు కొనుక్కుంటే భయం లేదనుకోవడం కూడా పొరపాటే. ఆర్.ఓ. యంత్రం లవణాలను తగ్గిస్తుంది. దానితోపాటు క్లోరిన్‌ కూడా పోతుంది. క్లోరిన్ లేని నీటిని సరిగా కడగని క్యానులో పోసి, ఎండలో ఉంచి, రోజుల తరబడి వాడితే క్రిములు పెరగడానికి అడ్డేమీ ఉండదు. క్యాను లోపల చేతితో తడిమితే జారుడుగా ఉంటే అందులోని నీరు తాగకండి.

ఇంట్లో చేయవలసినవి

1. కొళాయి రాగానే పట్టిన మొదటి నీటిని గిన్నెలు తోమడానికి, మొక్కలకు వాడండి. నీరు తేటగా వచ్చిన తరువాతే తాగడానికి పట్టండి. గుంటలో దించిన కొళాయి ఉంటే దానిని నేలకు ఎత్తుగా పెట్టించుకోండి.

2. శుభ్రమైన గుడ్డతో వడకట్టి, తెర్లి బుడగలు లేచిన తరువాత కనీసం ఒక నిమిషం మరిగించి, అదే పాత్రలో మూతపెట్టి చల్లార్చండి. కట్టెలకు, గ్యాసుకు ఇబ్బందైతే క్లోరిన్ బిళ్లలు వాడండి. ఎన్ని లీటర్లకు ఎన్ని బిళ్లలో పొట్లం మీద ఉన్న ప్రకారం వేసి, 30 నిమిషాలు ఆగి తాగండి.

3. బిందెలో చెంబు, చేయి ముంచకండి. పొడవు కాడ ఉన్న గరిటె గానీ, కొళాయి ఉన్న పాత్ర గానీ వాడండి. నీరు ఎంత మంచిదైనా మునిగిన వేళ్లతో చెడిపోతుంది.

4. పెళ్లిళ్లు, సంఘ విందులలో డ్రమ్ములను ముందురోజే కడిగించి, నీటిలో క్లోరిన్ వేయించి, మూత పెట్టించండి.

జబ్బు చేస్తే

విరేచనాలు మొదలైన వెంటనే ఓ.ఆర్.ఎస్. పట్టండి. పొట్లం దొరకకపోతే లీటరు మరిగించి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచాలు తలకొట్టి కొలవాలి. కలిపిన నీటిని 24 గంటల తరువాత పారబోయండి. తల్లిపాలు, గంజి, చోడి అంబలి మానిపించవద్దు. పిల్లలకు డాక్టరు సలహాపై జింకు మాత్రలు 14 రోజులు ఇవ్వాలి. కళ్లు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం పడినా, తాగింది తాగినట్లు వాంతి అయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి. గర్భిణీలకు కామెర్లు వస్తే అది చాలా ప్రమాదకరం. పసరు మందులతో కాలయాపన చేయకండి.

ఒకే వీధిలో రెండు మూడు ఇళ్లలో విరేచనాలు కనబడితే అది ఒక ఇంటి సంగతి కాదు, గొట్టం సంగతి. ఆ రోజే పురపాలక సంఘానికి గానీ, గ్రామ సచివాలయానికి గానీ, ఆశా కార్యకర్తకు గానీ తెలియజేయండి. నీటిని పరీక్ష చేయించమని, పగిలిన గొట్టం బాగుచేయించమని అడగండి. పరీక్ష ఫలితం వచ్చేవరకు ఆ వీధివారంతా నీటిని మరిగించే తాగాలి. మనం ఒక్కరోజు ముందు చెప్పిన మాట పక్కింటి పసిబిడ్డ ప్రాణాన్ని నిలబెట్టవచ్చు.