సాలూరు ముడి

సముద్రం లేని ఊరికి నావికుల లెక్కతో ఏం పని? ధ్రువ నక్షత్రాన్ని అడిగితే చెబుతుంది.

సాలూరులో పొద్దున్నే వినిపించేది సుత్తి దెబ్బలు. లారీ బాడీ షెడ్లలో చెక్క కోస్తారు, బోల్టులు బిగిస్తారు, చివర్లో రంగులద్ది ఓనరు పేరు రాస్తారు. ఘాట్ రోడ్డెక్కి కోరాపుట్, రాయ్‌పూర్ దారి పట్టే లారీలతో పెరిగిన ఊరిది. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఇక్కణ్ణుంచి కడలి దాకా వెళ్ళేది వేగావతి నీళ్ళే. అవి నాగావళిలో కలిసి, శ్రీకాకుళం దాటాక బంగాళాఖాతం చేరతాయి.

అయినా ఆకాశం లెక్కలో సాలూరు రేవు పక్క ఊరే. కళింగపట్నం అక్షాంశం సుమారు 18.3 డిగ్రీలు, సాలూరుది 18.5. ఆ రేవు నుంచి తిన్నగా పడమరకు వంద కిలోమీటర్లు వస్తే, ఈ ఊరికి కాస్త దక్షిణంగా తేలతాం.

పలక, తాడు, ముడి

ధ్రువ నక్షత్రం ఎన్ని డిగ్రీల ఎత్తున కనబడితే, మనమున్న చోటి అక్షాంశం దాదాపు అంత. అరబ్బు నావికులు దీన్ని ‘కమాల్’తో కొలిచేవారు. చిన్న చెక్క పలక, నడుమ చిల్లు, అందులోంచి ముడులేసిన తాడు. ముడిని పళ్ళతో కరచిపట్టి, తాడు బిగిసేదాకా పలకను ముందుకు చాపాలి. కింది అంచు దిగంతాన నీటి గీతను, పై అంచు చుక్కను తాకితే ఆ ముడి తాలూకు రేవు అక్షాంశానికి చేరినట్టే. ఇక చుక్క ఎత్తు మారకుండా తూర్పుకో పడమరకో సాగిపోవడమే. ఒక్క డిగ్రీ తప్పితే మాత్రం 111 కిలోమీటర్లు తప్పినట్టు.

పలక ఎత్తు 15 సెంటీమీటర్లనుకుంటే, చెన్నై ముడి పలకకు సుమారు 65 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. పూరీది 43. సాలూరుది 46. కళింగపట్నానికి ఇంకో అర సెంటీమీటరు కలపాలి, అంతే. చేత్తో వేసే ముడి మందంలోనే ఆ తేడా ఇమిడిపోతుంది.

మళ్ళీ తేలిన ఓడలు

ఇలాంటి పాత విద్యలను సముద్రం మీదే పరీక్షించినవాళ్ళున్నారు. 1976లో ‘హొకులేఆ’ అనే జంట పడవను మౌ పియాయిలుగ్ అనే నావికుడు ఏ పరికరమూ లేకుండా, చుక్కలనూ అలలనూ చూసుకుంటూ హవాయి నుంచి తహితి చేర్చాడు. 1980 నవంబరులో టిమ్ సెవెరిన్ అనే యాత్రికుడు మేకుల్లేకుండా కొబ్బరి తాళ్ళతో కుట్టిన ‘సోహార్’లో ఒమన్ నుంచి బయల్దేరాడు. దారిలో కమాల్ పట్టి చూసుకుంటూ మరుసటి ఏడు చైనా చేరాడు. మన నౌకాదళం కూడా అజంతా చిత్రాల్లోని ఓడను నమూనాగా తీసుకుని ‘కౌండిన్య’ను కుట్టించింది. 2025 డిసెంబరు 29న అది పోర్‌బందర్ నుంచి మస్కట్‌కు తెరచాప ఎత్తింది.

మన తీరంలో ఓడలకు కొదవ లేదు. శాతవాహన నాణేల మీదా ఓడ బొమ్మ ఉంది. అయితే ఆనాటి ప్రయాణాన్ని తిరిగి చేయబోతే ఓ చిక్కుంది. భూమి అక్షం బొంగరంలా మెల్లగా ఊగుతుంది గనక ఇప్పటి ధ్రువ నక్షత్రం రెండు వేల ఏళ్ళ కిందట ధ్రువానికి సుమారు 12 డిగ్రీల దూరంలో తిరిగేది. ఇప్పుడా దూరం ఒక డిగ్రీ లోపే. నేటి ముడులు అప్పటి కళింగ నావికుడి చేతికిస్తే దారి తప్పుతాడు.

మేస్త్రీ ట్యూబు

సాలూరులో పలకకు లోటు లేదు, షెడ్డులో పడున్న చెక్క ముక్క చాలు. లేనిదల్లా నీటి గీత. చుట్టూ కొండలే. కళింగపట్నం ఒడ్డున నిలబడ్డా ఉత్తరాన కనిపించేది నేలే. నీటి గీత కావాలంటే పడవలో బాగా లోపలికి పోవాలి. ఇక్కడైతే తాపీ మేస్త్రీ లెవెల్ ట్యూబు తెచ్చి, ఉత్తరం గోడ మీద కంటి ఎత్తున సుద్దతో గీత గీస్తే సరి. గోడ మీదుగా చుక్క కనబడాలి, అంతే. పలక కింది అంచు సుద్ద గీత మీద, పై అంచు ధ్రువ నక్షత్రం మీద. తాడు ఎక్కడ బిగిసిందో అక్కడే ముడేయండి.

కళింగపట్నం వెళ్ళేటప్పుడు ఆ పలక వెంట తీసుకెళ్ళండి. ముడి విప్పే పని ఉండదు.