తాతయ్య హెరాల్డ్‌ని ఇంట్లో విప్పితే ఏం బయటపడింది? (ఎపిసోడ్ పూర్తి టెక్స్ట్)

ఈరోజు ఫోన్ రివ్యూ లేదు, యాప్ గొడవ లేదు. ఈరోజు తుప్పు గురించి మాట్లాడుకుందాం.

ఇదిగో, నా చేతిలో ఉన్నది చూడండి. వీడియో చూడకుండా చదివేవాళ్ళ కోసం చెప్తున్నా: చూపుడువేలంత బోల్టు, తల సగం అరిగి గుండ్రంగా అయిపోయింది. దీన్ని ఊడదీయడానికి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. నాలుగు! ఇలాంటివి కారులో ఎన్ని ఉంటాయో లెక్కపెట్టడం మానేశా.

కారు ఏంటంటే, స్టాండర్డ్ హెరాల్డ్, 1968 మోడల్. మీలో చాలామంది పేరు కూడా విని ఉండరు. మీ నాన్నగారిని అడగండి, ఆయనకీ తెలియకపోతే తాతగారిని అడగండి. అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్... అప్పట్లో మన రోడ్ల మీద కనిపించిన కార్లు దాదాపు ఈ మూడే. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో 1959లో వచ్చింది. డిజైన్ చేసింది జొవాన్ని మికెలోట్టి అనే ఇటలీ ఆయన. ఆ కారునే మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు 1961 నుంచి తయారుచేశారు. 948 సీసీ ఇంజిను.

టైటిల్‌లో ఒక్కోసారి "స్పోర్ట్స్ కార్" అని రాస్తుంటా కదా, కామెంట్లలో ఎక్కేస్తున్నారు. "అన్నా, ఇది డబ్బా కారు, స్పోర్ట్స్ కారెక్కడిది?" అని. వినండి. 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అని రెండు సీట్ల స్పోర్ట్స్ కారు వచ్చింది. పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లంటే ఇప్పటికీ గుర్తొచ్చే పేర్లలో అదొకటి. దాని ఛాసిస్ ఎక్కడిది? హెరాల్డ్ ఛాసిస్‌ని పొట్టి చేసి వాడారు. ముందు సస్పెన్షన్ కూడా హెరాల్డ్‌దే. అంటే స్పిట్‌ఫైర్‌కి మనది పెద్దన్నయ్య. స్పిట్‌ఫైర్‌ని ఇంట్లో బాగుచేసుకునేవాడు ఇంగ్లండ్‌లో ఎక్కడ తల పట్టుకుంటాడో, నేను సింగ్ నగర్‌లో అక్కడే తల పట్టుకుంటున్నా.

ఈ కారు మా తాతయ్యది. ఆయన గుడివాడలో పశువుల డాక్టరు. 1975లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. చుట్టుపక్కల ఊళ్ళకి గేదెల వైద్యానికి దీంట్లోనే వెళ్ళేవారు. ఆయన పోయాక విజయవాడ తెచ్చి మా షెడ్‌లో పెట్టారు. నా చిన్నప్పటినుంచి అది కారు కాదు, పాత పేపర్లు పెట్టుకునే అల్మారా.

ఇంట్లోనే ఎందుకు, షాపుకి ఇవ్వొచ్చు కదా అంటారు. ఒకటి, డబ్బు. రెండు, ఈ కారు కట్టిన పద్ధతే ఇంట్లో విప్పడానికి అనువుగా ఉంటుంది. ఇప్పటి కార్లలో బాడీ, ఛాసిస్ అంతా కలిపి ఒకటే వెల్డింగ్. హెరాల్డ్‌కి ఛాసిస్ వేరు, దాని మీద బాడీ ముక్కలు బోల్టులతో బిగించి ఉంటాయి. బానెట్ చూశారుగా, ఫెండర్లతో సహా మొత్తం ముందుకి తెరుచుకుంటుంది. టైరు మీద కూర్చుని ఇంజిను పని చేసుకోవచ్చు. చదివినప్పుడు నాకు చాలా ఈజీ అనిపించింది. నట్లు బోల్టులే కదా, విప్పుదాం, తుడుద్దాం, బిగిద్దాం అనుకున్నా.

మొదటి దెబ్బ పానాల దగ్గరే తగిలింది. మన ఇళ్ళల్లో ఉండేవి మిల్లీమీటర్ల పానాలు. ఈ కారు నట్లు అంగుళాల్లో ఉంటాయి. అర అంగుళం నట్టు అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానా పెడితే పడుతుంది, పట్టినట్టే ఉంటుంది, బలంగా లాగితే జారుతుంది. ఒకసారి జారిందా, నట్టు మూలలు పోతాయి. 9/16 అంగుళం అంటే 14.29. 14 పానా ఎక్కదు, 15 పెడితే లూజు. 3/4 మాత్రం 19.05, దానికి 19 పానా కొంచెం సర్దుకుంటుంది. ఈ లెక్క తెలియకుండా నేను మొదటి వారంలోనే ఆరు నట్ల తలలు పాడుచేశా. ఈ బోల్టు వాటిలో ఒకటి. కాబట్టి పాత బ్రిటిష్ బండి ముట్టుకునే ముందు అంగుళాల సెట్ కొనండి. నేను ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్టులో కొన్నా, కొత్తవాటి కంటే గట్టిగా ఉన్నాయి.

సరే, సరైన పానా వచ్చింది. అప్పుడైనా ఊడుతుందా? ఊడదు. ఎందుకంటే తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. నట్టుకీ బోల్టుకీ మధ్య మరల్లో ఉన్న సన్నటి ఖాళీలో తుప్పు పుట్టి, ఉబ్బి, రెండింటినీ ఒకటి చేసేస్తుంది. మన కృష్ణా జిల్లా గాలి తెలుసుగా, ఎండాకాలంలో కూడా చొక్కా తడిసిపోద్ది. ముప్పై ఏళ్ళు ఆ గాలిలో నిలబడ్డ కారు ఇది. దీనికి పని చేసేది బలం కాదు, వేడి. నట్టుని గ్యాస్ మంటతో వేడి చేస్తే అది బోల్టు కంటే ముందు వ్యాకోచిస్తుంది, మధ్యలో తుప్పు పొర పగులుతుంది. చల్లారనిచ్చి నూనె వేసి, మళ్ళీ వేడి. ముందు కొంచెం బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పే వైపు. పెట్రోలు ట్యాంకు, పైపులు దగ్గర్లో ఉంటే మాత్రం మంట జోలికి వెళ్ళకండి ప్లీజ్.

నేను వినలేదు, బలం పెట్టా. బోల్టు సగానికి తెగింది. తెగిన ముక్కని డ్రిల్ చేసి, లోపల బిగించి తిప్పే పనిముట్టు ఒకటి ఉంటుంది, అది పెట్టా. అదీ లోపలే విరిగింది. అది గట్టి ఉక్కు, మామూలు డ్రిల్ బిట్ దాన్ని కొరకలేదు. అంటే సమస్య తీర్చబోయి దానికి తాళం వేశానన్నమాట. ఆటోనగర్‌లో లేత్ పెట్టుకున్న బాబాయ్ ఒకాయన దగ్గరికి పట్టుకెళ్తే, ఆయన చూసి, "ఏం బాబూ, కంప్యూటర్‌లో చూసి చేశావా?" అన్నాడు. తలూపా. ఆయన విరిగిన ముక్క మీద ఒక నట్టు పెట్టి, నట్టు కన్నంలోంచి వెల్డింగ్ చేసి, ఆ వేడి తగ్గకముందే పానాతో తిప్పాడు. వచ్చేసింది. టీ తాగినంతసేపు కూడా పట్టలేదు. ఎంతివ్వాలి బాబాయ్ అంటే, "ఇంకోసారి ముందే రా" అన్నాడు.

ఇప్పుడు వరద సంగతి. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది, మీకు గుర్తుండే ఉంటుంది. మేం మేడ మీదకి ఎక్కాం. కింద షెడ్‌లో కారు. అప్పటికి ఇంజిను దించి బల్ల మీద పెట్టా. విప్పిన సామానంతా అట్టపెట్టెల్లో సర్ది, పెట్టె పెట్టెకీ స్కెచ్ పెన్‌తో పేరు రాశా. సాఫ్ట్‌వేర్‌లో పని చేశాను కదా, డాక్యుమెంటేషన్ బాగా చేశానని నాకు పొగరు కూడా. నీళ్ళు తీశాక చూస్తే అట్టపెట్టెలు లేవు. బురద ముద్ద, అందులో నట్లు, బోల్టులు, వాషర్లు, స్ప్రింగులు. రాసిన పేర్లు మొత్తం పోయాయి.

ఫోన్‌లో రెండు వేల పైన ఫోటోలున్నాయి. కానీ ప్రతి ఫోటోలో ఒక బోల్టు దగ్గరగా కనిపిస్తుంది, అది కారులో ఎక్కడిదో కనిపించదు. ఇది వినండి, చాలా ఉపయోగం: ఫోటో ముందు దూరం నుంచి తీయండి, తర్వాత దగ్గరగా, ఆ తర్వాత ఆ ముక్కని చేత్తో పట్టుకుని అది ఎక్కడినుంచి వచ్చిందో వేలు చూపిస్తూ ఒకటి. పేరు నోటితో చెప్తూ వీడియో తీస్తే ఇంకా మంచిది. పెట్టెలు ప్లాస్టిక్‌వి, రాసేది చెరగని మార్కర్‌తో.

మునిగిన ఇంజిను సంగతి కూడా చెప్పేస్తా, ఇది మీ కొత్త బండికి కూడా పనికొస్తుంది. నీళ్ళల్లో మునిగిన ఇంజినుని ఎప్పుడూ స్టార్ట్ చేయకండి. నీరు గాలిలా నొక్కుకోదు. సిలిండర్‌లో నీళ్ళుంటే పిస్టన్ పైకొచ్చి గోడకి కొట్టుకున్నట్టు ఆగుతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు ప్లగ్గులు తీయాలి, నీళ్ళు బయటికి పోనివ్వాలి, సిలిండర్లలో నూనె పోసి చేత్తో మెల్లగా తిప్పాలి. ఆయిల్ మొత్తం మార్చాలి. మా గేర్‌బాక్స్ ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీ రంగులో వచ్చింది. ఇంజిను మాత్రం బతికింది.

అప్పుడు నాన్న ఒకటే అన్నారు. "వదిలెయ్‌రా. పాత ఇనుము రేటుకి ఇచ్చేద్దాం. ఆ కారు మీ తాతయ్యకే కలిసిరాలేదు."

ఎందుకన్నారంటే, 1991లో ఒక సంఘటన జరిగింది. పామర్రు వైపు నుంచి వస్తూ ఒక ఊళ్ళోకి తిరుగుతుంటే ముందు కుడి చక్రం లోపలికి మడతపడిపోయింది. స్పీడేమీ లేదు. కారు కాలవ గట్టు మీద ఆగింది, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అందరూ ఒకటే మాట: పెద్దాయనకి చూపు ఆనట్లేదు, గుంత చూసుకోలేదు. ఆయన వాదించలేదట. అక్కడి మెకానిక్ ఏదో అతికించి ఇచ్చాడు, ఎవరో నడిపి ఇంటికి తెచ్చారు. తాతయ్య మళ్ళీ స్టీరింగ్ పట్టుకోలేదు.

వరద తర్వాత ముందు సస్పెన్షన్ విప్పా. కుడివైపు నిలువు కడ్డీ బయటికి తీస్తే, దాని మీద పాత వెల్డింగ్ అతుకు. అది ఎక్కడుందో చూసి నేను చాలాసేపు అలాగే కూర్చున్నా. ఎందుకో అర్థం కావాలంటే ఒక ముక్క గురించి చెప్పాలి. దాని పేరు ట్రనియన్.

మామూలు కార్లలో చక్రం పక్కకి తిరగడానికి కింద బాల్ జాయింట్ ఉంటుంది. హెరాల్డ్‌లో, స్పిట్‌ఫైర్‌లో అది లేదు. చక్రాన్ని పట్టుకున్న నిలువు కడ్డీ కింది చివర మరలు ఉంటాయి, పెద్ద బోల్టులాగా. ఆ మరలు ఇత్తడి లాంటి లోహపు గుల్లలోకి దిగుతాయి. ఆ గుల్లే ట్రనియన్. మీరు స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ కడ్డీ ఆ గుల్లలో మర తిరుగుతుంది. హెరాల్డ్ చాలా చిన్న చోటులో మలుపు తిరుగుతుంది, దానికి అదో పేరు. అంటే చక్రాలు బాగా ఎక్కువ కోణం తిరుగుతాయి, ఆ మరల మీద పనీ ఎక్కువే.

ఇప్పుడు అసలు కిటుకు. ఆ గుల్లలో వేయాల్సింది గ్రీజు కాదు, గేర్ ఆయిల్. పలచగా ఉంటుంది కాబట్టి మరల వెంట పైదాకా పాకుతుంది. కానీ అది ఎక్కించేది గ్రీజు గన్‌తోనే, గన్‌లో ఆయిల్ పోసి, గ్రీజు నిపుల్ ద్వారా. నిపుల్ చూసిన ఏ మెకానిక్ అయినా ఏం చేస్తాడు? గ్రీజు కొడతాడు. నేనైనా అదే చేసేవాణ్ణి. గ్రీజు పైదాకా వెళ్ళదు, ఎండి గట్టిపడుతుంది. పైనుంచి నీళ్ళు దిగి మరల్లో నిలుస్తాయి. తుప్పు తింటుంది. గుల్ల బిగుసుకుంటుంది. స్టీరింగ్ తిప్పే బలమంతా కడ్డీ మీద పడి, మరలు మొదలయ్యే చోట తెగుతుంది. సాధారణంగా ఎప్పుడు తెగుతుందంటే, నెమ్మదిగా వెళ్తూ స్టీరింగ్ బాగా తిప్పినప్పుడు. ఊళ్ళోకి మలుపు తిరిగినట్టు. పాత ట్రయంఫ్ కార్లు ఉన్నవాళ్ళందరికీ ప్రపంచమంతా తెలిసిన జబ్బు ఇది.

మా కడ్డీ అతుకు సరిగ్గా అక్కడే ఉంది. మరలు మొదలయ్యే చోట. అనుమానం ఉండకూడదని ఎడమవైపుది కూడా విప్పా, అది తెగలేదు కాబట్టి అలాగే ఉంది. లోపల సబ్బు ముక్కలా గట్టిపడ్డ పాత గ్రీజు, పైన మరల్లో అసలు తడే చేరలేదు. తుప్పు గుంటలు పడి ఉన్నాయి, వరద నీళ్ళకి వచ్చే పైపై తుప్పు కాదది, లోతుగా తిన్నది.

రెండూ ఒక పేపర్ మీద పెట్టి నాన్నకి చూపించా. మొత్తం చెప్పా. ఆయన అతుకు మీద వేలు పెట్టి రాస్తూ కూర్చున్నారు. కాసేపటికి, "అంటే ఆయనకి బాగానే కనపడేదన్నమాట" అన్నారు. అంతే, లేచి లోపలికెళ్ళిపోయారు. అమ్మేద్దాం అన్న మాట మళ్ళీ రాలేదు.

ఇలా అతికించిన కడ్డీతో కారు ఎప్పుడూ నడపకూడదు, కొత్తదే వేయాలి. స్పిట్‌ఫైర్ పుణ్యమా అని ట్రనియన్లు, కడ్డీలు ఇప్పటికీ ఇంగ్లండ్‌లో కొత్తవి తయారవుతున్నాయి. ఒక అమ్మకందారు నాకు రెండూ ఎడమవైపువే పంపాడు. కుడి ఎడమల మరలు వేర్వేరు దిశల్లో ఉంటాయి, ఒకదాని బదులు ఒకటి పట్టదు. తిరిగి పంపడం, కస్టమ్స్ సుంకం, ఎదురుచూపు... అది వేరే ఎపిసోడ్‌కి సరిపడా ఏడుపు.

కాగితాల గురించి చాలామంది అడిగారు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి రూల్స్ తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మార్చకుండా ఉన్న టూవీలర్లు, కార్లకి వర్తిస్తుంది. నంబర్‌లో 'వీఏ' అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు. రోజూ ఆఫీసుకి వేసుకెళ్ళడానికి కాదు, ప్రదర్శనలకి, ర్యాలీలకి అలాంటివాటికి. ఇంకా అప్లై చేయలేదు, చేసినప్పుడు చూపిస్తా. పెట్రోలు కూడా ఆలోచించాలి. ఇప్పుడు బంకుల్లో ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది, అది పాత రబ్బరు గొట్టాలని, పంపులో పొరని మెత్తబరిచి పాడుచేస్తుంది. అవన్నీ మార్చేశాక గానీ ట్యాంకులో పోయొద్దు.

ప్రస్తుతం పరిస్థితి ఇదీ: ఇంజిను బల్ల మీద ఒకసారి మోగింది. ఎడమ చక్రం బిగించాం. కుడి కడ్డీ కోసం వెయిటింగ్. బురదలోంచి తీసిన వాటిలో ఎక్కడివో తెలియని బోల్టులు ఇంకా ముప్పై ఏడు ఉన్నాయి, వాటి ఫోటోలు కింద పెడుతున్నా, హెరాల్డ్ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. మొన్న సాయంత్రం షెడ్‌లోకి వెళ్తే, బల్ల మీద కొత్త గ్రీజు గన్ ఒకటి, పక్కన లీటరు గేర్ ఆయిల్ డబ్బా ఉన్నాయి. గన్‌కి తెల్ల ప్లాస్టర్ చుట్టి, దాని మీద నాన్న చేతిరాత: "గ్రీజు పోయరాదు."

మార్కర్‌తోనే రాశారు. చెరగదు.